ఆవిడ ఆగిన చోట

జూన్ 1, ఆదివారం

ఆవిడ కొత్త ఇంటర్వ్యూ వచ్చింది. ఆదివారం పేపర్లో అరపేజీ. ఫొటోలో కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, నన్ను త్వరగా వదిలెయ్యండి బాబూ అన్నట్టు చూస్తోంది. రాసేటప్పుడు టీ తాగుతారా అని అడిగితే "అస్సలు ముట్టను" అందట. మరి పోయినేడు వీడియోలో రెండు కప్పులు పడందే పెన్ను కదలదని చెప్పింది ఎవరు తల్లీ? అంతకుముందు వారపత్రికలో కాఫీ అంది. ఆవిడ ఏం తాగితే నాకేమిటి గానీ, మనిషి ఒక మాట మీద నిలబడకపోతే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆవిడ రాసిన 'మెట్ల కింద' నవల ఎలా పుట్టిందన్న ప్రశ్నకి కూడా కొత్త జవాబే. మొదట్లో బస్టాపులో చూసిన మనిషి అంది. తర్వాత వాళ్ళ మేనమామ అంది. ఇప్పుడేమో "అంతా కల్పన, నాకు అలాంటి మేనమామే లేడు" అంటోంది. ఆ మేనమామ ఎక్కడైనా ఉండి చదివితే ఎంత చిన్నబుచ్చుకుంటాడో పాపం.

మారనిది ఒక్కటే. ఇల్లొదిలి వెళ్ళిన మనిషి ఏళ్ళ తర్వాత వచ్చి, తన ఇంటి మెట్ల కింద నిలబడి, రెయిలింగు మీద చెయ్యి వేస్తాడు. పైన గదిలో భార్య అటూ ఇటూ తిరుగుతున్న చప్పుడు వినిపిస్తుంటుంది. పుస్తకం అక్కడితో సరి. ఎక్కాడా? వెనక్కి తిరిగి పోయాడా? రెండో భాగం రాస్తారా అని ప్రతివాళ్ళూ అడుగుతారు, ఆవిడ ప్రతిసారీ "చూద్దాం" అంటుంది. ఇవాళా "చూద్దాం" అనే ఉంది. ఇంకేమైనా అందేమోనని ఆ పేరా మళ్ళీ మళ్ళీ చదివాను. లేదు, అంతే.

సాయంత్రం ఆయన ఫోన్ చేశారు. ఎప్పటిలాగే అత్తయ్య నా పక్కన కూచుని, ఏమీ పట్టనట్టు ఉతికిన బట్టలు మడతపెడుతోంది. తనకో మాటైనా చెప్పకుండా పని మీద వేరే ఊరు వెళ్ళాడని కొడుకు మీద అలక. ఫోన్ ఇస్తే తీసుకోదు. పెట్టేశాక మాత్రం నన్ను వదలదు.

"ఏమన్నాడు?"

"పని ఇంకా తెమల్లేదట అత్తయ్యా. వచ్చే నెల వస్తానన్నారు."

నిజానికి "వచ్చే నెలకైనా తెములుతుందా" అన్నది నేను. ఆయన "ఊఁ" అన్నారు. అంటే అదేగా.

జూన్ 3, మంగళవారం

పొద్దున్నుంచీ కూచోబుద్ధి కావట్లేదు, నిలబడబుద్ధి కావట్లేదు. కాలు గాలిన పిల్లిలా మా రేడియో స్టేషనంతా తిరిగాను.

ఇవాళ ఒక డాక్టరుగారి ఇంటర్వ్యూలోంచి "అంటే"లు ఏరి పారేశాను. గంపకి సరిపడా వచ్చాయి. ఈ రేడియోలో చేరినప్పటి నుంచీ నా పని ఇదే. జనం మాటల మధ్య దగ్గులు, గుటకలు, నీళ్ళు నమలడాలు కత్తిరించి, అందరినీ తడుముకోకుండా మాట్లాడేవాళ్ళని చేసి పంపుతాను. అన్నిటికన్నా ముందు నిశ్శబ్దం పోవాలి. మా దగ్గర కాసేపు ఏ చప్పుడూ లేకపోతే మిషను ఊరుకోదు. కంట్రోల్ రూములో అలారం కుయ్యోమంటుంది, దానంతటదే ఏదో వాయిద్యం మొదలైపోతుంది. నా చేతి మీదుగా వెళ్ళిన ప్రోగ్రాముకి ఇంతవరకూ అలారం మోగలేదు. ఆ మాట మా స్టేషను పెద్దాయన మీటింగుల్లో నన్ను నిలబెట్టి మరీ చెబుతాడు.

ఇంటికొచ్చి బీరువాని ఈ గోడ నుంచి ఆ గోడకి జరిపాను. అత్తయ్య గుమ్మంలో నిలబడి చూసింది.

"వాడొచ్చి వెతుక్కుంటాడే."

ఆ మాటకి నడుంనొప్పి కూడా తెలియలేదు. వెతుక్కోనీ.

జూన్ 5, గురువారం

ఆవిడ మా స్టేషనుకి వస్తోంది. మా స్టేషనుకి! వచ్చే గురువారం.

జూన్ 8, ఆదివారం

మా యాంకరు నవల చదవలేదట. "అక్కా, కథ నాలుగు ముక్కల్లో చెప్పేయండి, మిగతాది నేను అల్లుకుపోతాను" అన్నాడు. అల్లుకుపోతాడు, బూజులాగా. ప్రశ్నలన్నీ నేనే రాసిచ్చాను. చివరి ప్రశ్న కింద రెండు గీతలు గీశాను. "చూద్దాం అంటుంది. వదలొద్దు. అతను ఇంటికి తిరిగొస్తాడా రాడా అని సూటిగా అడుగు" అన్నాను.

"ఎందుకక్కా అంత కోపం?" అన్నాడు. కోపమేమిటి. పాఠకులకి తెలియొద్దూ?

ఫోన్లో ఆయనకి ఈ సంగతి చెప్పాను. "ఏ రచయిత్రి?" అన్నారు. ఇంట్లో ఆ పుస్తకం రెండు కాపీలున్నాయి. ఒకటి ఆయన చదువుతానని తీసుకుని, దాని మీద స్పానర్లు పెట్టుకున్నారు. లిఫ్టులు బిగించే మనిషికి మెట్ల కథలు ఏం రుచిస్తాయిలే. ఆ ప్రశ్న తర్వాత ఆయన ఆగిపోయారు. ఆయన అలా ఆగగానే నేను ఏదో ఒకటి అందుకుంటాను, కొళాయి, కరెంటు, అత్తయ్య మోకాలు, ఏదైనా సరే. ఇవాళ బీరువా సంగతి అందుకున్నాను. "ఊఁ" అన్నారు.

"ఏమన్నాడు?"

"బీరువా అక్కడే బాగుంటుందన్నారు."

జూన్ 12, గురువారం

నేను అనుకున్నదాని కన్నా పొట్టి. గొంతు మాత్రం గది కన్నా పెద్దది. మైకు సరిచూడ్డానికి ఎప్పుడూ అడిగేదే అడిగాను, పొద్దున్న ఏం తిన్నారో చెప్పండి మేడమ్ అని. "రెండు బ్రెడ్డు ముక్కలు, ఒక గుడ్డు, దారి పొడుగునా మీ డ్రైవరు పాటలు" అంది. స్టూడియో అద్దం ఇవతల నేను ఒక్కదాన్నే పగలబడి నవ్వాను. టీ ఇమ్మంటారా అని అడిగినప్పుడు నా గొంతు నాకే వినపడలేదు. "ఉంటే పొయ్యి తల్లీ, ఉత్తినే అడుగుతావేం" అంది. తాగింది. రెండు కప్పులు! అంటే వీడియోలో చెప్పిందే నిజం.

గంట సేపు గలగలా మాట్లాడింది. వాళ్ళ చెల్లెలు పోరుతోందని చిన్నప్పటి సంగతులు కాగితం మీద పెడుతోందట. "రోజూ పొద్దున్న కాస్త రాస్తున్నాను" అంది. మాటల్లోకి మేనమామ మళ్ళీ వచ్చాడు, ఈసారి ఇద్దరు.

చివరికి యాంకరు అడిగాడు. "రెండో భాగం రాస్తున్నారా? అతను ఇంటికి తిరిగొస్తాడా?"

ఆవిడ ఆగిపోయింది.

కళ్ళజోడు తీసింది. తుడవలేదు, ఊరికే పట్టుకుంది. కుర్చీ కిర్రుమంది. యాంకరు నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. నా చెయ్యి నాకు తెలియకుండానే రికార్డింగు ఆపే బటన్ మీదికి వెళ్ళింది. ఎంతకీ మాట్లాడదే! ఎవరైనా ఏదైనా అంటే బాగుండు, ఆ కుర్చీ అయినా మళ్ళీ కిర్రుమంటే బాగుండు అనిపించింది.

తర్వాత అంది. "తెలీదు బాబూ. నిజంగా తెలీదు. వేరేది అడుగు."

చూద్దాం అని కూడా అనలేదు.

జూన్ 13, శుక్రవారం

పెద్దాయన విని, "అంతా అద్భుతంగా ఉందమ్మా, చివర్లో ఆ గొయ్యి పూడ్చెయ్" అన్నాడు. గొయ్యి అంటే నిశ్శబ్దం. తీసేశాను. తీసేశాక వింటే, అడగ్గానే "తెలీదు బాబూ, వేరేది అడుగు" అని విసుక్కున్నట్టు వచ్చింది. ఆవిడ అలాంటి మనిషి కాదు. వినేవాళ్ళు పొగరనుకుంటారు. అందుకని అదీ తీసేశాను. అప్పుడు ప్రశ్న మిగిలిపోయింది, గాల్లో వేలాడుతూ. ప్రశ్నలో రెండో సగం తీసేశాను. అయినా "రెండో భాగం రాస్తున్నారా?" అనేది ఉండిపోయింది.

ముందు ఎక్కడో "రోజూ పొద్దున్న కాస్త రాస్తున్నాను" అంది కదా. ఎలా ఉంటుందో చూద్దామని తెచ్చి అక్కడ పెట్టాను. చూద్దామనే.

ఎంత బాగా అతికిందో! ఊపిరి కూడా సరిపోయింది. ఎవరూ పట్టుకోలేరు. కళ్ళు మూసుకుని వింటే నాకే నమ్మకం కలిగింది, రాస్తోందని.

జూన్ 14, శనివారం

ఆవిడ మాటలే. ఆవిడ గొంతే. నేను కల్పించింది ఒక్క అక్షరం లేదు.

జూన్ 20, శుక్రవారం

ప్రసారమైంది. అత్తయ్యా నేనూ వంటింట్లో రేడియో పెట్టుకుని విన్నాం. అత్తయ్యకి ఆ నవల కథ నేను చెప్పి చెప్పి కంఠతా వచ్చేసింది. "రోజూ పొద్దున్న కాస్త రాస్తున్నాను" అని వినపడగానే తల తిప్పింది.

"రాస్తోందటగా. అయితే వస్తాడన్నమాట."

"వస్తాడత్తయ్యా" అన్నాను. ఎంత సంతోషం వేసిందో. చాలా రోజుల తర్వాత అత్తయ్యా నేనూ కలిసి ఒకే పళ్ళెంలో తిన్నాం.

జూన్ 22, ఆదివారం

ఫోన్ రాలేదు.

"ఏమన్నాడు?" అంది అత్తయ్య, అలవాటు కొద్దీ.

"వీలు పడలేదట."

"ఫోన్ మోగందే?"

"మెసేజ్ పెట్టారు."

జూన్ 27, శుక్రవారం

పేపర్ల నిండా ఆవిడే. రెండో భాగం వస్తోందని ప్రచురణకర్త కూడా అనేశాడు. స్టేషనుకి ఫోన్లే ఫోన్లు. పెద్దాయన నాకు స్వీటు తినిపించాడు.

మార్కెట్లో ఆయన కంపెనీ ఎలక్ట్రీషియన్ భార్య కనిపించింది. వాళ్ళాయనా ఆ ఊరే వెళ్ళాడు. వచ్చేశాడట. పని ఎప్పుడో అయిపోయిందట. "మీవారు అక్కడే ఇల్లు తీసుకున్నారటగా వదినా" అంది. తీసుకోరూ? ఎన్నాళ్ళని లాడ్జి గదిలో పడుంటారు. వేరే పని అప్పగించి ఉంటారు. మంచి పనివాణ్ణి ఎవరు వదులుతారు?

కూరగాయల సంచీ ఆ కొట్లోనే మర్చిపోయి వచ్చాను.

జూలై 6, ఆదివారం

పేపర్లో ఆవిడ ఇంటర్వ్యూ. కత్తిరించి దాచుకునే ముందు చదివాను. ఇప్పుడు దాచుకోవాలని లేదు.

"రెండో భాగం రాస్తున్నానని నేను అన్నానా? రేడియోలో విన్నాను, నా గొంతే. అన్నట్టు మాత్రం గుర్తు లేదు. తెలీదన్నాననే నాకు గుర్తు. మా అక్కకీ ఇలాగే మొదలైంది. ముందు మాటలు పోయాయి, తర్వాత మనుషులు పోయారు."

టీ గురించి మూడు రకాలుగా చెప్పినా ఎప్పుడూ బెదరని మనిషి. ఇప్పుడు తనని తానే నమ్మట్లేదు.

ఆయన ఫోన్ చేశారు. ఏం మాట్లాడానో నాకే తెలియలేదు. "ఏమన్నాడు?" అంటే "వచ్చే నెల" అన్నాను. నోటికి అదే వచ్చింది.

జూలై 9, బుధవారం

పెద్దవాళ్ళకి మతిమరుపు మామూలే. నా వల్లే అనుకోవడం నా గొప్ప. ఆవిడకి ముందు నుంచీ ఉండి ఉంటుంది. మేనమామ సంగతి చూడలేదూ?

బీరువా మళ్ళీ పాత చోటికి జరిపాను.

జూలై 17, గురువారం

వీడియో ఇంటర్వ్యూ వచ్చింది. ఆఫీసులో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూశాను.

ఆవిడ చేతిలో చీటీలు. జవాబులన్నీ ముందే రాసుకుని తెచ్చుకుంది. ఏ ఊళ్ళో పుట్టారు అన్నా సరే చీటీ చూసి చెబుతోంది. జోకు వెయ్యలేదు. మేనమామ రాలేదు. ఏ జవాబూ మారలేదు. ఇన్నాళ్ళూ ఒక్కమాట మీద నిలబడదని తిట్టుకున్నాను, ఇవాళ నిలబడింది. చూడలేకపోయాను.

చివర్న ఇంటర్వ్యూ చేస్తున్న అమ్మాయి రెండో భాగం గురించి అడిగింది. ఆవిడ చీటీలన్నీ వెతికింది. ఆ ప్రశ్నకి చీటీ లేదు.

"ఇదే నా ఆఖరి ఇంటర్వ్యూ అమ్మా. ఏం మాట్లాడుతున్నానో నాకే తెలియనప్పుడు నలుగురిలో కూర్చోకూడదు. రాయడం కూడా ఆపేశాను. నిన్న రాసింది నేనే రాశానా అని అనుమానం వస్తోంది."

బాత్రూములోకి వెళ్ళి కొళాయి తిప్పి ఏడ్చాను. నేను చేశాను. ఎవరో కాదు, నేనే.

జూలై 18, శుక్రవారం

అసలు రికార్డింగు ఇంకా ఉంది. రేపటికి సెలవు పెట్టాను.

జూలై 19, శనివారం

స్టేషను డ్రైవరుని ఇల్లు ఎక్కడని అడిగి వెళ్ళాను. ఆవిడ ఉండేది మేడ మీద వాటా. పక్కగా మెట్లున్నాయి, ఇనప రెయిలింగు. కింద నిలబడి దాని మీద చెయ్యి వేశాక తెలిసింది, పైన ఆవిడ అటూ ఇటూ తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోందని. ఈ మెట్ల సంగతి ఏ ఇంటర్వ్యూలోనూ చెప్పలేదు. వెనక్కి పోదామని ఎంతగా అనిపించిందో రాయను. ఎక్కాను.

తలుపు తీసి నన్ను పైనుంచి కిందికి చూసింది. "రేడియో. టీ పోసిన అమ్మాయివి. సరిగ్గా చెప్పానా?" అంది. బళ్ళో ఎక్కం అప్పజెప్పినట్టు అడిగింది.

"సరిగ్గానే చెప్పారు మేడమ్."

ఫ్రిజ్ తలుపు నిండా చీటీలు అంటించి ఉన్నాయి. గ్యాస్ కట్టావా. తాళం చెవి కొక్కేనికి ఉంది. చెల్లెలికి ఫోన్ చేశావు, మళ్ళీ చెయ్యకు. నేను కూచోలేదు. బల్ల మీద లాప్‌టాప్ పెట్టి, హెడ్‌ఫోన్స్ ఆవిడ చెవులకి నేనే పెట్టాను. యాంకరు ప్రశ్న దగ్గర నుంచి వినిపించాను. అందులో ఏముందో నాకు తెలుసు కాబట్టి ఆవిడ మొహమే చూస్తూ నిలబడ్డాను.

కళ్ళు మూసుకుని విన్నది. ఆ ఖాళీ అంతా విన్నది. "తెలీదు బాబూ" దగ్గర కళ్ళు తెరిచింది.

"ఇది నేనే. ఇదే నేను అన్నది! అప్పుడు కళ్ళజోడు తీశాను కదూ?"

"తీశారు."

"తుడవలేదు."

"తుడవలేదు మేడమ్."

కుర్చీలో వెనక్కి వాలింది. రెండు చేతులతో మొహం కప్పుకుంది. భుజాలు కదిలాయి. నవ్వో ఏడుపో తెలియలేదు. లేచి వెళ్ళి ఫ్రిజ్ మీది చీటీ ఒకటి పీకింది, తర్వాత ఇంకోటి, తర్వాత రెండు చేతులా అన్నీ పీకేసింది.

అప్పుడు నా వైపు తిరిగింది.

"అయితే నాదేమీ పోలేదన్నమాట. నువ్వు తీసుకుపోయావు."

"అవును."

"మతిమరుపు పరీక్షకని డాక్టరు నన్ను గడియారం బొమ్మ గీయమన్నాడు, తెలుసా నీకు? డెబ్భై ఏళ్ళు దాటినదాన్ని, పది గంటల పది నిమిషాలు ఎక్కడుంటాయో చూపించానమ్మా. నా చేతులు వణికితే అదీ రాసుకున్నాడు. మా చెల్లెలు ఫోన్లో నాతో చంటిపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడుతోంది. ఎవరిచ్చారే నీకు హక్కు?"

"ఎవరూ ఇవ్వలేదు."

"మరెందుకు చేశావు?"

"అతను తిరిగొస్తాడో రాడో తెలియాలని."

"ఎవరు?"

"మా ఆయన."

నవల్లో అతను అందామనుకున్నాను. నోట్లోంచి అది వచ్చింది.

ఆవిడ ఏమీ అనలేదు. నేను వెంటనే కొళాయి గురించో ఎండ గురించో ఏదో ఎత్తుకున్నాను. ఆవిడ చెయ్యెత్తి "ఉండు" అంది. ఉన్నాను. ఇద్దరం అలాగే ఉన్నాం. కింద ఎవరో స్కూటరు స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయారు. నాకు ఏడుపొచ్చింది, ఆవిడ ఊరుకోబెట్టలేదు.

చాలాసేపటికి అంది. "నీ మీద కోపం తగ్గలేదు, తగ్గుతుందని కూడా చెప్పను. నేను అక్కడ ఆగాను. ఆగినట్టే నలుగురికీ వినిపించాలి. తీసినదాన్ని నీ చేత్తోనే మళ్ళీ పెట్టు."

"రేడియోలో అంత ఖాళీ ఉండకూడదు మేడమ్. అలారం మోగుతుంది."

"మోగనీ" అంది.

టీ ఇవ్వలేదు. తనకి మాత్రం పెట్టుకుంది.

జూలై 21, సోమవారం

పెద్దాయనకి అంతా చెప్పాను. "బయటికి తెలిస్తే స్టేషను పరువేం కాను? ఆవిడకి నచ్చజెప్పు" అన్నాడు. ఆవిడే ఫోన్ చేసి నచ్చజెప్పింది. ఏమందో తెలియదు గానీ, ఆయన లేచి నిలబడి "అలాగే మేడమ్, అలాగే" అనడం ఆయన గది అద్దంలోంచి చూశాను. నన్ను తీసేయొద్దందట. "ఆ అమ్మాయిని తీసేస్తే ఇంకో అమ్మాయి కత్తిరిస్తుంది" అందట.

ఇంటర్వ్యూలు ఇక నాకివ్వరు. రేపటి నుంచి సబ్బుల ప్రకటనలు. మీటింగుల్లో నన్ను నిలబెట్టడాలు కూడా ఉండవు. సరే.

జూలై 23, బుధవారం

పెట్టాను. కుర్చీ కిర్రుమనడంతో సహా.

జూలై 25, శుక్రవారం

ముందు యాంకరు తప్పు జరిగిందని చెప్పి, అసలు రికార్డింగు వినండి అన్నాడు. అంతకుముందే మా ఇంజినీరు అలారం కట్టేసి, పొరపాట్న పాట మొదలైపోకుండా స్విచ్చి దగ్గరే నిలబడ్డాడట. తన సర్వీసులో ఇలాంటి పని చేయలేదని గొణిగాడట.

నేను ఇంట్లో ఉన్నాను. అత్తయ్య ఉల్లిపాయలు తరుగుతోంది. ప్రశ్న వచ్చింది, రెండు సగాలూ. "అతను ఇంటికి తిరిగొస్తాడా?"

తర్వాత ఏమీ లేదు.

అత్తయ్య కత్తి ఆపింది. రేడియో వైపు చూసింది. లేచి వెళ్ళి దాని నెత్తిన ఒక్కటిచ్చింది.

"పాడైందా ఏమిటే?"

"లేదత్తయ్యా. ఆవిడ ఆలోచిస్తోంది."

"ఇంకా?"

"ఇంకా."

అత్తయ్య తడి చేతులతో రేడియో పక్కనే నిలబడింది. లోపల కుర్చీ కిర్రుమంది. తర్వాత ఆవిడ తెలీదంది, వేరేది అడగమంది. అత్తయ్య వచ్చి కూచుని మళ్ళీ కత్తి తీసుకుంది.

"రాడన్నమాట."

"తెలీదనే అందిగా."

"అన్నది కాదే. అనడానికి ఎంతసేపు పట్టిందో చూడలేదూ?" అని, ఉల్లిపాయలకి కాబోలు, కళ్ళు తుడుచుకుంది.

స్టేషనుకి ఫోన్లు వెల్లువట. సగంమంది రేడియో చెడిపోయిందని, సగంమంది అయ్యో పాపం అని. ఆవిడ నుంచి మెసేజ్ వచ్చింది నాకు. "విన్నాను. పొద్దున్న కాస్త రాశాను. రెండో భాగం కాదు, ఆశ పెట్టుకోకు."

జూలై 27, ఆదివారం

ఫోన్ మోగింది. అత్తయ్య బట్టల బుట్ట తెచ్చుకుని పక్కన కూచుంది.

ఇవాళ నేను కొళాయి అనలేదు, మోకాలు అనలేదు. ఎలా ఉన్నారని అడిగాను, బాగున్నానన్నారు. తర్వాత అడిగాను. ఇన్ని నెలలుగా అడగనిది అదొక్కటే.

"మీరు ఇంటికి తిరిగొస్తారా?"

అడిగి ఊరుకున్నాను.

ఆయన ఆగారు. ఏదో ఒకటి అందుకోవాలని నాలిక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగించి ఉన్నాను. నా చెవులు ఇలాంటివి వినడానికే అరిగిపోయాయి, అయినా ఇన్ని ఆదివారాల్లో ఆ ఇంటి చప్పుడు ఒక్కసారీ విననివ్వలేదు నేను, అంత వాగాను. ఇవాళ విన్నాను. ఎక్కడో గిన్నె కింద పెట్టారు. నీళ్ళు పడుతున్న కొళాయి ఎవరో కట్టేశారు. ఆయన కాదు, ఆయన ఊపిరి ఫోన్ దగ్గరే ఉంది. ఆ ఊపిరి ఏదో అనబోయినట్టు ఒకసారి పైకి వచ్చింది, మళ్ళీ దిగిపోయింది.

ఇంకాసేపు ఉన్నాను. ఆయనకి ఇవ్వాల్సినంతసేపు ఇచ్చాను.

"ఉంటానండీ" అని నేనే పెట్టేశాను.

అత్తయ్య చేతిలో తువ్వాలు సగం మడత మీద ఉంది.

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదత్తయ్యా."

నా మొహం చూసింది. తువ్వాలు ఒళ్ళో పెట్టుకుంది.

"ఎంతసేపు?"

"చాలాసేపు."

అత్తయ్య బుట్టని నా వైపు కొంచెం జరిపింది. మిగిలిన బట్టలు ఇద్దరం కలిసి మడతపెట్టాం.